ఏకగ్రీవానికి ఒక మెడ

"బొట్టు పెట్టిచ్చుకున్నంక పోకుంటే ఎట్లనే? నా బిడ్డ ఇల్లు అది."

సత్తమ్మ పొద్దుటి నుంచి ఇదే మాట అంటోంది. మొదట బతిమాలింది. తర్వాత తిట్టింది. ఇప్పుడు కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అంటోంది.

పద్మలత పొయ్యి దగ్గర నిలబడి పప్పులో గరిటె తిప్పుతోంది. పప్పు ఎప్పుడో ఉడికిపోయింది.

"వదిన నిన్ను దేనికి పిలిచిందో అడిగినవా అత్తమ్మా?"

"బొట్టు పెట్టెటోళ్లను దేనికని అడుగుతరా ఎవలన్న? కుంకుమ భరిణె తీసింది. 'అవ్వా, ఐతారం మా ఇంట్ల కార్యం, నువ్వు, కోడలు ముందుగాల రావాలె' అన్నది. సరే బిడ్డా అన్న."

"అది కార్యం కాదు. అన్నయ్యకు సన్మానం. సంఘానికి అధ్యక్షుడైనందుకు. ఎన్నిక కాకముందే!"

"అయితే ఏంది? అల్లునికి శాలువా కప్పుతుంటే అత్త పోవద్దా?"

"ఆయన మీద పోటీల ఉన్నది నేను."

సత్తమ్మ కత్తిపీట ఆపలేదు. "ఉన్నవు. ఇయ్యాల సాయంత్రం దాక ఉన్నవు. తప్పుకుంటే రేపటి సంది ఉండవు. నా బిడ్డ మొగుని మీద నా కోడలు నిలవడ్డదంటే కరీంనగర్ల నవ్వుతరు, ఆదిలాబాద్ల సుత నవ్వుతరు."

"నవ్వనీ."

"నీకేంది, నవ్వనీ అంటవు. నవ్వితే తలకాయ దించుకునేది నేను." ఆమె ముక్కలను ఉప్పునీళ్లలో వేసి కోడలి వైపు తిరిగింది. నుదుటి మీద నిన్నటి కుంకుమ చెమటకు కొంచెం చెదిరి ఉంది. "నీ మామ పోయినప్పటి సంది నా నొసట ఎవలన్న బొట్టు పెట్టిండ్రా? పేరంటానికొచ్చి అందరికి పెడతరు, నా దగ్గరికొచ్చేసరికి భరిణె మూతవెడతరు. నిన్న నా బిడ్డ పెట్టింది. 'మా ఆయననే చెప్పిండు, అవ్వకు సుత పెట్టుమని' అన్నది. నువ్వు దినాం సైన్సు సైన్సు అంటవు గద. గిన్నేండ్లల్ల నీకెందుకు తోచలే?"

పద్మలత పొయ్యి కట్టేసింది.

ఆడబిడ్డ భర్త కైలాసానికి మనుషుల మనసు తెలియదని అనడానికి లేదు. అదే ఆమె బాధ. ఎవరికి ఏది కరువో ఆయనకు గడపలో అడుగు పెట్టగానే తెలిసిపోతుంది. అంత తెలిసిన మనిషి పిల్లల వేళ్లను వేలిముద్రల మిషన్‌కు ఆనించి, వాళ్లకు చదువు వస్తుందో రాదో చెబుతాడు.

గదిలో ఫోన్ మోగింది.

ఎన్నికల అధికారి సర్దార్ గారు. సైకాలజీ లెక్చరర్‌గా రిటైరైన పెద్దమనిషి. ఉత్తర తెలంగాణ మనస్తత్వ నిపుణుల సంఘంలో సగం మంది ఆయన శిష్యులే. పద్మలత కూడా.

"బేటీ, జర ఒక మాట అడుగుత. పరేషాన్ గాకు. పొద్దుగాల సుధాకర్ ఫోన్ చేసిండు. 'మా ఇంటామె తప్పుకుంటుంది సార్, ఏకగ్రీవమని రాసుకోన్రి' అన్నడు."

పద్మలత చేతిలోని గరిటె నుంచి పప్పు చుక్క నేల మీద పడింది.

"నేను ఇంకా రాయలే. ఇంటాయన చెప్తే చాలు గద అన్నరు కమిటీల కొందరు. పోటీ చేసేది ఇంటాయన గాదు గద అన్న నేను. నీ నోటితోటి వినాలె. అన్నం తిన్నంక మళ్ల చేస్త. ఆలోచన చేసి చెప్పు."

ఫోన్ పెట్టేసి ఆమె వెనక వరండాలోకి వెళ్లింది. సుధాకర్ అక్కడ బట్టలు ఆరేస్తున్నాడు. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే మనిషి. సెలవు రోజున ఇంటి పని అడక్కుండానే చేస్తాడు. ఏదైనా తప్పు చేసిన రోజున ఇంకా ఎక్కువ చేస్తాడు.

"మీరు సర్దార్ సార్‌కు ఫోన్ చేసిండ్రా?"

'మీరు' అనేసరికి సుధాకర్ చేతిలోని తడి లుంగీ ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె కోపం వచ్చినప్పుడే ఆయన్ని మీరు అంటుంది.

"చేసిన."

"నన్ను అడగకుంట."

"అడిగితే ఒప్పుకుంటవా? రాత్రి అక్క ఫోన్ల ఏడ్చిందే. బావ ఇంట్ల ముఖం పెట్టి మాట్లాడుతలేడట. అవ్వ పొద్దటి సంది చాయ తాగలే. నేను నడుమ నలుగుతున్న. ఏకగ్రీవమైతే అందరికి మంచిగుంటది. ఊళ్లల్ల సర్పంచులనే ఏకగ్రీవం జేసుకుంటున్నరు. చదువుకున్నోళ్లు కొట్లాడుకుంటే బాగుంటదా?"

"తెలుగు చెప్తరు గద. ఏకగ్రీవమంటే ఏంది?"

"ఇప్పుడు అదెందుకు?"

"గ్రీవమంటే మెడ. అందరికి కలిపి ఒకటే మెడ. ఆ మెడ ఎవలిదని అడుగుతున్న."

"మెడ అని కాదు పద్మా, కంఠం. అందరిదీ ఒకటే గొంతు అని."

"గొంతు ఎక్కడుంటది? మెడలనే గద! అందరిదీ ఒకటే గొంతు కావాలెనంటే ఎవలిదో ఒకలది పిసకాలె. మీ బావది పిసకరు. ఇంట్ల ఉన్నదాన్ని నేను, చెయ్యికి అందుత."

సుధాకర్ లుంగీని తీగ మీద వేసి, ముడతలు లేకుండా లాగాడు. ముడతలు పోయాక కూడా లాగుతూనే ఉన్నాడు.

"ఖానాపూర్ పోరి ముచ్చట మళ్ల తియ్యకు" అన్నాడు.

"తీస్త. హాస్టల్‌కు పోయినప్పుడు ఆ గంగుబాయిని నేను అడిగిన. లెక్కలు ఎందుకు మానేసినవే అని. 'నా చేతి ఏళ్లల్ల లెక్కలు లేవట మేడం' అన్నది. చేతులు ఎనుకకు దాచుకున్నది! ఏళ్లు మడిచి లెక్కవెట్టుడు నేర్చుకున్న పిల్ల, ఆ ఏళ్లనే దాచుకుంటుంది. ఇప్పుడు ఒక్క హాస్టల్లనే ఉంది ఆ మిషన్. అన్నయ్య అధ్యక్షుడైతే దాని మీద సంఘం ముద్ర పడుతది. అన్ని హాస్టళ్లకు పోతది. ఎవలన్న అడిగితే, మనస్తత్వ నిపుణులే ఒప్పుకున్నరు అంటరు. ఆ నిపుణులల్ల నా పేరు సుత ఉంటది."

సుధాకర్ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"గంత బాధ ఉంటే ఒక్క మాట చాలు గద. భవ్య సంగతి చెప్పు. ఏలిముద్రలు చూసెటాయన బిడ్డనే డాక్టర్ దగ్గరికి పోతుందంటే బావకు ఒక్క ఓటు పడదు."

పద్మలత ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది.

"అట్ల చూడకు. చెప్పుమంటలేను. నువ్వు చెప్పవని నాకు తెలుసు. అందుకే తప్పుకో అంటున్న. గెలిచే మాట నోట్లనే పెట్టుకొని పోటీకి పోతవు. ఓడిపోయి ఇంటికొచ్చి ఏడుస్తవు. ఏడిస్తే చూసేది నేను గద!"

ఆ మాటలో ప్రేమ ఉంది. అందుకే ఆమెకు ఇంకా చిరాకు వేసింది.

భవ్యశ్రీ కైలాసం, సుధాకర్ అక్క మమతారాణిల ఒక్కగానొక్క కూతురు. వానకాలం మొదట్లో మమతారాణి ఆమెను తీసుకుని కరీంనగర్‌లోని ఈ ఇంటికి వచ్చినప్పుడు, ఆ పిల్ల చేతులు చున్నీలో చుట్టుకుని ఉంది. విప్పితే వేళ్ల మీద చర్మం పొరలుగా లేచిపోయి కనబడింది. కడిగిన చేతులే మళ్లీ కడగడం, కుళాయి కట్టేసి అది ముట్టుకున్నానని మళ్లీ కడగడం. ఆదిలాబాద్‌లో ఇంటి ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కడిగేదట. 'మీ అన్నకు తెల్వద్దు పద్మా, ఆయన పేరు పోతది' అని మమతారాణి ఆమె చేతులు పట్టుకుంది. 'బాపుకు నేనే చెప్త, అప్పటిదాక ఎవలికి చెప్పకు అత్తా' అంది పిల్ల. తల్లి మాట కంటే పిల్ల మాటే పద్మలతను కట్టేసింది.

ఇంటి మనిషికి తాను చికిత్స చేయకూడదు. కాబట్టి డాక్టర్ మహెక్ దగ్గరికి తీసుకువెళ్లింది. అప్పటి నుంచి పిల్ల ఇక్కడే ఉంటోంది. తండ్రికి మాత్రం కోచింగ్ అని చెప్పారు. ఇప్పుడిప్పుడే ఆ వేళ్లకు కొత్త చర్మం వస్తోంది.

బయట కారు ఆగింది.

కైలాసం సీతాఫలాల గంపతో లోపలికి వచ్చాడు. ఆయన వెనక మమతారాణి.

"కాయ్ చెల్లె, మంచిగున్నవా?" ఆదిలాబాద్‌లో ఏళ్ల తరబడి ఉండి పలకరింపు మరాఠీకి తిరిగింది ఆయనకు. "అత్తా, నీకోసమే తెచ్చిన. అడవి పండ్లు. పండినయి పైనున్నయి, దోరయి కిందున్నయి. బొట్టు మంచిగున్నది నీకు."

సత్తమ్మ ముఖం విప్పారింది. పద్మలత పళ్లేలు పెట్టడానికి లోపలికి వెళ్లింది.

భోజనాల దగ్గర కాసేపు పత్తి ధర గురించి, కరీంనగర్ రోడ్ల గురించి మాట్లాడుకున్నారు. భవ్యశ్రీ గదిలోంచి వచ్చి చివర కూర్చుంది. ఒక్కసారే చేతులు కడుక్కుని వచ్చింది. అది గమనించింది ఇద్దరే, పద్మలత, మమతారాణి. తండ్రి ఆమె తల మీద చేయి వేసి, "సన్నవడ్డవు బిడ్డా, బాగ చదువుతున్నవా?" అన్నాడు. ఆమె తల ఊపింది.

"చెల్లె, నీకు ఉపాధ్యక్ష పదవి అనుకున్న" అన్నాడు కైలాసం అన్నం కలుపుతూ. "సైన్సు విభాగం నువ్వే చూసుకో. నేను చెయ్యి వెట్ట."

"మిగిలిన విభాగాలు దేనివి అన్నయ్యా?"

సుధాకర్‌కు పొలమారింది. అందరికంటే ముందు కైలాసమే నవ్వాడు. "గిదే, గీ నోరే! గిట్ల మాట్లాడితే ఓట్లు పడయి. సరే, నేనొకటి అడుగుత. పిల్లగాన్ని పట్టుకొని తల్లిదండ్రులు నీ దగ్గరికొస్తరు. రెండు నెలలు మాట్లాడాలె, అప్పుడు చెప్త అంటవు. ఒకసారొస్తరు, మళ్లొస్తరా? రారు. నేను మిషన్ చూపెడత. ఇగో నీ కొడుకు గిట్లున్నడు, గిది చదివియ్యి అంట. ధైర్యంతోటి పోతరు. ధైర్యం సుత మందే గద?"

"ఎవలికి ధైర్యం? ఖానాపూర్ హాస్టల్ల గంగుబాయని ఒక పిల్ల ఉన్నది. మీ మిషన్ చెప్పిందని లెక్కలు మానేసింది."

"ఒక్క పిల్ల ముచ్చట పట్టుకొని..."

"మిగిలినోళ్ల ముచ్చట మీరు చెప్పున్రి. ఇంతమందిని పరీక్ష చేసిండ్రు. చేసినంక వాళ్లేమైండ్రో ఒక్కనాడన్న పోయి చూసిండ్రా? మనం చెప్పింది నిజమైందా, తప్పైందా అని చూసుడే సైన్సు. నేను అడిగేది గంతే అన్నయ్యా. పెద్ద మాటేం గాదు."

"ఎక్కడికో పోయి చూసుడెందుకు?" కైలాసం చేయి చాచి కూతుర్ని చూపించాడు. "నా ఇంట్లనే ఉంది రుజువు. చిన్నప్పుడే తీసిన దీని ముద్రలు. క్రమశిక్షణ, శుభ్రం అని వచ్చింది. ఇప్పుడు చూడున్రి. అత్తా, నువ్వే చెప్పు. దినానికి ఎన్నిసార్లు చేతులు కడుగుతదో! నా బిడ్డ అసొంటి శుభ్రం ఎవలికన్న ఉన్నదా?"

మమతారాణి చేతిలో చారు గరిటె గాలిలోనే ఆగింది.

పద్మలత గొంతు దాకా మాట వచ్చింది. నీళ్లు తాగింది. ఆ మాట నీళ్లతో దిగలేదు. సుధాకర్ తన పళ్లెం వైపే చూస్తున్నాడు. ఒక్క మాట చాలు అన్నది ఆయనే. కానీ ఆ మాట పద్మలతది కాదు. ఆ పిల్లది.

"అమ్మమ్మా, నీళ్లియ్యి."

భవ్యశ్రీ ఎడమ చేత్తో డ్రెస్ జేబులోంచి గోలీల అట్ట తీసింది. రోజూ గదిలో వేసుకునేది. ఇవాళ పళ్లెం పక్కన పెట్టి, ఒకటి నొక్కి, నోట్లో వేసుకుంది.

"ఏం గోలీ బిడ్డా అది? తలకాయ నొస్తుందా?"

"లేదు బాపు. చేతులు కడుగుడు తక్కువయ్యేటందుకు."



"మహెక్ మేడం ఇచ్చింది. మనసు డాక్టర్. ఆమె దగ్గరికి పోతున్న. కోచింగ్‌కు గాదు." ఆమె అట్టను తండ్రి వైపు జరిపింది. "అది శుభ్రం గాదు బాపు. భయం. కడగకుంటే మీకేమన్న అయితదని భయం. నీకు, అమ్మకు. ఎన్నిసార్లు కడిగినా పోతలేదు." ఎడమ చేయి చాచి బల్ల మీద పెట్టింది. "చూడు."

కైలాసం చూశాడు. కణుపుల దగ్గర తెల్లగా, పలుచగా ఉన్న కొత్త చర్మాన్ని చాలాసేపు చూశాడు. ఆయన పెదవులు ఏదో అనబోయాయి. పద్మలతకు ఒక్క క్షణం ఆశ కలిగింది. ఇప్పుడు ఆ చేతిని పట్టుకుంటాడు అనుకుంది.

ఆయన పట్టుకోలేదు.

"ఎన్ని దినాల సంది నడుస్తుంది చెల్లె, గీ నాటకం?"

"అన్నయ్యా..."

"ఓట్లకోసం నా బిడ్డను పిచ్చిది జేస్తవా? నా ఇంట్లకెళ్లి మనిషిని తీస్కపోయి గోలీలు మింగిచ్చి, రేపు అందరి ముందల చూపెడతవా?"

"బావా, అట్ల గాదు..." సుధాకర్ లేవబోయాడు.

"నువ్వు ఊకో! నీ ఇంట్లనే గద జరిగింది."

"అత్త ఎవలికి చెప్పలే బాపు" అంది భవ్యశ్రీ. "చెప్పేదుంటే ఎప్పుడో చెప్తుండె."

"నువ్వు మాట్లాడకు."

పద్మలత మమతారాణి వైపు చూసింది. ఈ ఇంటికి పిల్లను తీసుకొచ్చింది ఆమె. 'నేనే తెచ్చిన' అని ఆమె ఒక్క మాట అంటే సరిపోతుంది. మమతారాణి పళ్లెంలో కరివేపాకు ఏరి ఒక పక్కన పెడుతోంది. ఒక్కొక్క ఆకు.

సత్తమ్మ అందరి ముఖాలూ చూసింది. "ఏందే మమతా ఇది?" అంది నెమ్మదిగా. మమతారాణి తల ఎత్తలేదు.

ఫోన్ మోగింది. బల్ల మీదే ఉంది. సర్దార్ గారి పేరు అందరికీ కనబడింది.

"ఎత్తు" అన్నాడు కైలాసం. గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది. అందుకే భయం వేసింది. "ఎత్తి, తప్పుకుంటున్న అను. గీ ముచ్చట గీ ఇంట్లనే ఉంటది. లేకుంటే ఐతారం సన్మానం మీటింగుల నేనే చెప్త. మేనకోడలిని అడ్డం పెట్టుకొని గెలుద్దామనుకున్నదని చెప్త. అప్పుడు చూద్దాం నీ సైన్సుకు ఎన్ని ఓట్లు పడతయో."

"బిడ్డ పేరు మీరే బజారుల పెడతరా?"

"పెట్టింది నువ్వు."

పద్మలత ఫోన్ తీసింది. సుధాకర్ కళ్లు మూసుకున్నాడు.

"ఏం రాసుకోమంటవ్ బేటీ?"

అటువైపు సర్దార్ గారు కలం మూత తీసిన చప్పుడు వినిపించింది.

"ఉన్న సార్" అంది పద్మలత. "పోటీల ఉన్న."

"ఠీక్ హై. ఇగ ఎవలు ఫోన్ చేసినా విన."

ఆమె ఫోన్ బోర్లించి పెట్టింది. గెలిచినట్టు లేదు. ఇంట్లో ఏదో పగిలి, దాని ముక్కలు తన కాళ్ల కింద ఉన్నట్టుంది.

కైలాసం ఎంగిలి చేత్తోనే లేచాడు.

"మమతా, బిడ్డ బట్టలు సర్దు. ఇయ్యాలనే పోతున్నం. గోలీలు లేవు, మేడం లేదు. నా బిడ్డకేం కాలే."

"అన్నయ్యా, నా మీద కోపం నా మీదనే చూపియ్యున్రి. గోలీలు ఒక్కసారే ఆపద్దు. మహెక్‌ను ఒక్క మాట అడుగున్రి..."

"చాలు చెల్లె. నీ సైన్సు నీ దగ్గరుంచుకో. మమతా, లేవుమన్న!"

మమతారాణి లేచింది. ఇరవై ఏళ్లుగా ఆయన లేవమంటే లేచినట్టే లేచింది. కూతురి మణికట్టు పట్టుకుంది. భవ్యశ్రీ పద్మలత వైపు ఒకసారి చూసి, గోలీల అట్ట తీసుకుని, తల్లి వెంట నడిచింది. ఇద్దరూ గదిలోకి వెళ్లారు. తలుపు మూసుకుంది.

అందరూ సూట్‌కేసు చప్పుడు కోసం చూస్తున్నారు. బీరువా తలుపు చప్పుడు కోసం చూస్తున్నారు.

లోపలి నుంచి గడియ పడింది.

కైలాసం తలుపు వైపు తిరిగాడు. "మమతా!"

జవాబు లేదు.

"మమతా, నీకే చెప్పేది!"

సుధాకర్ పద్మలత వైపు చూశాడు. పద్మలత తలుపు వైపే చూస్తోంది. సత్తమ్మ అన్నం గిన్నె మీద మూతపెట్టింది. పెరుగు గిన్నె అల్లుడి ముందు నుంచి తన వైపు జరుపుకుంది.

"చెయ్యి ఎండుతుంది అల్లుడా" అంది. "లేసినవు గద, పోయి కడుక్కో."